ఆటకు వచ్చిన పరదేశి

దేశాంతరము పోయిన యాత్రికునకు అచ్చటి కోటలను, కోవెలలను చూచుటకు భాష రాకున్నను పని జరుగును. రాయి తన కథను తానే కొంత చెప్పుకొనును. నాటకశాలలో అట్లు కాదు. ఆటను చూచుటకు కన్నులొక్కటియే చాలవు. వేషము తెలియవలెను, కథ తెలియవలెను, ఎచ్చట నవ్వవలెనో ఎచ్చట ఊరకుండవలెనో తెలియవలెను. అచ్చంపేటకు దాపుననున్న ఉప్పునుంతల నుండి ఒక గృహస్థు జపాను దేశమునకు యాత్ర పోయి, టోకియో నగరమున గింజా వీథిలోని కబుకి నాటకశాలలో కూర్చుండెననుకొందము. ఆతని స్థితిని ఆలోచించినచో, మన పాలమూరు పల్లెల ఆటలను గూర్చి ఒక సత్యము మనకు బోధపడునని మా తలంపు.

కబుకి-జా అను ఆ శాల 1889లో వెలసి, అగ్నికిని, యుద్ధమునకును ఆహుతియై పలుమారులు తిరిగి కట్టబడినది. ఇప్పటి కట్టడము 2013 నాటిది. ప్రేక్షకుల నడుమనుండి రంగస్థలము వరకు ఒక బాట కలదు. దానిని హనమిచి, అనగా పూలబాట, అందురు. నటుడు తీవ్రమైన భంగిమలో కదలక నిలిచిన క్షణమున, ఆట మర్మమెరిగిన ప్రేక్షకుడు పై అంతస్తునుండి ఆ నటుని ఇంటిపేరెత్తి కేక వేయును. అది అల్లరి కాదు, మెప్పు. నల్లని దుస్తులు ధరించి రంగముపై తిరుగాడు పరిచారకులు ఎదుటనే కనబడుచున్నను, వారు లేనట్లే భావింపవలెను. ఇవి ఎరుగని మన యాత్రికుడు తికమకపడును గదా! అందులకును అచ్చట ఏర్పాటున్నది. చెవికి తగిలించుకొను చిన్న యంత్రములో, ఆట సాగుచుండగనే, కథయు ఆచారమును వినవచ్చును. ఒక్క అంకమును మాత్రమే చూడగోరువారికి తక్కువ వెలకు వేరు టికెట్టు దొరకును. గమనింపదగినదేమనగా, ఆ యంత్రమును పెక్కుమంది జపానీయులే వాడుదురు. పాతకాలపు వారి నాటకభాష నేటివారికి సులువుగా అర్థము కాదు. తమ ఆటకు తామే కొంత పరాయివారమైతిమని వారు గ్రహించి, దానికి తగిన ఉపాయము చేసికొనిరి.

మన యాత్రికునకు అక్కడ తెలిసిన సంగతులును కొన్ని కనబడును. మన వీథిభాగవతములలో ఇద్దరు మనుష్యులు తెరను ఎదుటనే పట్టుకొని నిలుతురు. వారిని ఎవరును పట్టించుకొనరు. కూచిపూడి భామాకలాపములో సత్యభామ తన జడను తెరమీదుగా వేసి ప్రవేశించును. రాక్షసపాత్ర వచ్చునప్పుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లి మంట లేపుదురు. ఆడువేషము మగవాడు ధరించుటయు రెండుచోట్లను కలదు. కబుకికి ఆద్యురాలు ఒకుని అను స్త్రీయే. ఆమె 1603లో క్యోటో నగరమున నృత్యమాడి ఆ కళకు నాంది పలికెను. 1629లో ప్రభుత్వము స్త్రీలు ఆడరాదని నిషేధించినది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామ వేషముతో దేశమెల్ల కీర్తి గడించెను. మన చిందు భాగవతములలో మాత్రము స్త్రీలును వేషము కట్టుదురు. నిజామాబాదు ప్రాంతమున 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ అందులకు గొప్ప నిదర్శనము.

పరదేశి వచ్చి మన ఆట చూచుట కొత్త కాదు. విజయనగర ప్రభువు ఎదుట కూచిపూడివారు కేళిక ప్రదర్శించి, సిద్ధవటము నేలిన సమ్మెట గురవరాజు ప్రజలను పెట్టు బాధలను అభినయించి చూపిరని మాచుపల్లి కైఫియతు చెప్పుచున్నది. ప్రభువు ఆ వేషముల వెనుకనున్న సంగతి గ్రహించి, సైన్యమును పంపి ఆ దుర్మార్గుని శిక్షించెనట. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి ఆట చూచి మెచ్చి, ఆ గ్రామమును భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని ప్రసిద్ధి. చూచువాడు అర్థము చేసికొన్నప్పుడే ఆటకు బలము. గురవరాజు కథలో ప్రభువు వేషములను చూచి నవ్వి లేచిపోయియుండినచో, ప్రజల మొర అరణ్యరోదనమై పోయియుండును.

మన ప్రాంతమున ఆ అర్థము చేసికొనువారు ఎవరు? ఊరివారే. కందుకూరి రుద్రకవి పదునారవ శతాబ్దమున రచించిన సుగ్రీవవిజయము మొదలుకొని చెర్విరాల బాగయ్య రచనల దాక యక్షగానమునకు పెద్ద పరంపర కలదు. తెలంగాణపు పల్లెలలో దరువులు కంఠస్థమైన రైతులు, పాటకు వంతపాడగల స్త్రీలు ఉండెడివారు. చిందువారికి ఊళ్లపై మిరాసి హక్కు ఉండెడిది. వారు వచ్చి జాంబపురాణము వంటి కథలాడి, తమకు రావలసినది పుచ్చుకొని పోయెడివారు. సినిమా వచ్చెను, పిదప టెలివిజను వచ్చెను. రాత్రి తెల్లవార్లు కూర్చుండు ఓపిక తగ్గెను. నటుడు వేషము మానుకొన్న తరువాత ఆ లోటు అందరకు కనబడును. దానికంటె ముందే, ఎరిగి చూచువాడు ఒక్కొక్కడుగా తొలగిపోవుటను ఎవరును గమనింపరు. నేడు ఉప్పునుంతల బాలుడు తన ఊరిలో యక్షగానము జరిగినను, టోకియోలోని యాత్రికునివలెనే కూర్చుండును. ఆతని చెవికి ఆ యంత్రము కూడ లేదు.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదని మా అభిప్రాయము. ఆటకు ముందు సూత్రధారుడు కథను నాలుగు మాటలలో చెప్పవచ్చును. రాత్రియంతయు కాక, ఒక్క ఘట్టమును సాయంకాలము ఆడింపవచ్చును. యక్షగానము సగము చెవికి సంబంధించినదే గనుక, దరువులను అర్థముతోసహా రేడియోలో వినిపింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఎరిగిన తాత ఎరుగని మనుమని ప్రక్కన కూర్చుండి, "ఈ వచ్చువాడెవడో చూడు" అని చెప్పవలెను. అట్టి తాతలు మన ఇండ్లలో ఇంకను కొందరున్నారు. వారుండగనే ఆ పని జరుగవలెను.