అంటువ్యాధుల ఉమ్మడి చిట్టా

పూర్వము మన గ్రామములందు విషూచి సోకి యెవరైన మృతినొందిన, ఆ మాట గ్రామోద్యోగి మరణముల పుస్తకమున కెక్కెడిది. ఆ వ్యాధి యే యూరినుండి వచ్చినదో మాత్ర మెక్కెడిది కాదు; తెలిసికొను సాధనమే లేదు.

నేఁడు సాధనము గలదు. తాళపత్ర ప్రతులను జూచినవారి కిది సులభముగ బోధపడును. ఒక లేఖకుఁడు చేసిన తప్పు, ఆ ప్రతినిఁ జూచి వ్రాసిన ప్రతులన్నిటను నిలుచును. ఆ తప్పులనుబట్టియే యే ప్రతి కే ప్రతి తల్లియో మా గురువుగారు నిర్ణయించెడివారు. వైరసును నట్టిదే. కరోనా వైరసు జన్యుపాఠము దాదాపు 30,000 అక్షరములు. అది మనుష్యునినుండి మనుష్యునికి సంక్రమించుచు, నడుమనడుమ నొక యక్షరము తప్పుచుండును. ఆ పాఠభేదములను సరిచూచినచో వ్యాధి నడచిన దారి తెలియును.

2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు ఆ పాఠమును లోకమునకు వెల్లడించిరి. ఆ డిసెంబరులో భారత ప్రభుత్వము 10 ప్రయోగశాలలను ‘ఇన్సాకాగ్’ అను పేర నొకటిగఁ గూర్చినది. అందు హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ కూడ గలవు. 2021 మే నెలలో ‘డెల్టా’ యని పేరు పొందిన రకము మొట్టమొదట మన దేశముననే కనఁబడినది. 2022 నవంబరులో ఫరీదాబాదున జాతీయ జీవశాస్త్ర సమాచార భాండాగారము ప్రారంభమయ్యెను.

అయినను, అక్షరములు ప్రయోగశాలలోను, రోగి వయస్సు, టీకా, జ్వరముల వృత్తాంతము ఆసుపత్రి కాగితములలోను విడివిడిగ నున్న నేమి ఫలము? మూలము కాశిలో, వ్యాఖ్యానము కంచిలో నున్నట్లే. రెండును జతపడిననే యే రకము ప్రాణాంతకమో తెలియును.

జతపఱచుట యనఁగాఁ బేరు బయటపెట్టుట గాదు. క్షయ యున్న యింటికిఁ బిల్లనిచ్చుటకు వెనుకాడువారు మన పల్లెలలో నింకను గలరు. చిట్టాలో నంకెయే యుండవలెను. ఆ యంకె యెవరిదో తెలుపు పుస్తకము వేఱొకచోటఁ దాళమువేసి యుంచవలెను.