పేరు తెలియని దేవుడు

నూజివీడు రసాలు పండే రోజులలో మా ఊరు వెళ్ళినప్పుడల్లా సాయంత్రాలు తోటలోనే గడుపుతాను. పక్క పల్లెలోని చర్చి మైకు నుంచి కీర్తన వినిపిస్తుంది. తోట కాపలా తాత చిక్కం కర్ర చెట్టుకు ఆనించి దానితో గొంతు కలుపుతాడు. పుట్టుకతో నేను ఆ మతస్థుణ్ణి కాను. అయినా ఆ విశ్వాసం ఈ కృష్ణా మండలపు మన్నులో ఎలా వేళ్ళూనిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ బడి తెరిచాడు. పెద్ద కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే, వారి ద్వారా సువార్త కిందికి దిగుతుందని ఆయన నమ్మకం. అందుకోసం అస్పృశ్యుల పిల్లలను బడిలో చేర్చుకోలేదు; తోటి మిషనరీలు తప్పుపట్టినా పట్టు వీడలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయింది. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ నీరు ఆయన తవ్విన కాలువలో పారలేదు.

అది బెజవాడకు పడమర, రాఘవాపురంలో ఊరింది. పగోలు వెంకయ్య మాల కులస్థుడు. విగ్రహాలు దేవుళ్ళు కావని ఎవరో దొర చెబుతున్నాడన్న మాట బంధువు నోట ఆయన చెవిన పడింది. అంతే, పూజలు మానేశాడు. మరి ఎవరిని కొలవాలో చెప్పే మనిషి లేడు, పుస్తకం లేదు. పేరైనా తెలియని ఆ దేవుణ్ణే, నీవెవరవో, ఎక్కడున్నావో నాకు కనబడమంటూ ప్రార్థించసాగాడు. అలా ఏళ్ళు గడిచాయి. చివరకు కృష్ణా పుణ్యస్నానాల కాలంలో బెజవాడ వచ్చి డార్లింగ్ అనే మిషనరీ బోధ విన్నాడు. తాను వెదుకుతున్నది ఈయననే అని గుర్తుపట్టాడట. 1859లో బాప్తిస్మం పొందాడు. ఆయన వెనుక బంధువులు, ఆ వెనుక చుట్టుపక్కల మాలపల్లెలు కదిలాయి.

ఈ గుర్తుపట్టడమే నాకు అంతుపట్టని విషయం. ఎన్నడూ చూడనివాణ్ణి గుర్తుపట్టడం ఎలా? తెలుగు బైబిలులో పౌలు లేఖలలో 'మర్మము' అనే మాట పదేపదే వస్తుంది. మన వాడుకలో మర్మం అంటే దాచినది, బయట పెట్టనిది. పౌలు చెప్పే మర్మం అలా కాదు. ఇన్నాళ్ళూ మరుగై ఉండి ఇప్పుడు బయలుపడినది. ఏథెన్సులో తెలియని దేవుడి పేర ఉన్న బలిపీఠాన్ని చూసి ఆయన ప్రసంగం మొదలుపెట్టాడు. రాఘవాపురంలో బలిపీఠం కూడా లేదు.

ఈ కథ చెప్పి, "పేరు తెలియకుండా ఎవరికి మొక్కినట్టు తాతా?" అని అడిగాను.

"అదేంటి బాబూ, చీకట్లో ఎవరో ఉన్నట్టనిపిస్తే ఎవరదీ అనే కదా అడుగుతాం? పేరు తెలిశాక అడుగుతామా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది.

కడుపు కోసం మతం మారారనే మాట మనలో చదువుకున్నవారు తేలికగా అనేస్తారు. 1876-78 కరవు తరువాత ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి చూపుతారు. ఆ అనుమానం రాకూడదనే ఆయన కరవు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడన్నది చెప్పరు. వెంకయ్య సంగతైతే కరవుకు పదిహేడేళ్ళ ముందటిది. అంటరానితనం నుంచి తప్పించుకోవాలన్న ఆరాటం ఆ ఉద్యమంలో లేదనను, ఉండకపోతేనే ఆశ్చర్యం. అయితే గౌరవం కోరుకునేవాడికి దేవుడి మీద జిజ్ఞాస ఉండదనుకోవడం మన అహంకారం. అదే వెదుకులాట ఒక పండితుడు చేసి ఉంటే బ్రహ్మజిజ్ఞాస అని గ్రంథాలు రాసుకునేవాళ్ళం.

1912లో అజరయ్య దోర్నకల్లు బిషప్పయ్యే నాటికి సంఘాలలో అత్యధికులు మాల మాదిగలే. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయన. 1939లో అక్కడ ప్రతిష్ఠించిన కథీడ్రలును నేను చూశాను. రాఘవాపురం మాత్రం ఇంకా చూడలేదు. ఈసారి కాయ కోత అయ్యాక వెళదామంటే తాత కూడా వస్తానన్నాడు.