కమీషన్ కథ: బస్తర్ సంత నుంచి ఇంటర్నెట్ దాకా

సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూస్తూ ఉంటారు. పుస్తకం గురించో, ప్రెషర్ కుక్కర్ గురించో వివరించి, కొనదలచినవారు కింద ఉన్న లింకు నొక్కండని చెబుతారు. మీరు నొక్కి కొంటే దుకాణం వారు ఆ వీడియో తీసిన మనిషికి కొంత సొమ్ము ముట్టచెబుతారు. సరుకు ఆయనది కాదు, దుకాణమూ ఆయనది కాదు. కొనేవాణ్ణి దుకాణం గుమ్మం దాకా తీసుకువచ్చినందుకు అది ప్రతిఫలం. దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటున్నారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే కమీషన్ పని.

పేరు కొత్తదే కాని పని చాలా పాతది. అది ఎప్పుడు నిజాయితీగల బతుకుతెరువు అవుతుంది, ఎప్పుడు దోపిడీ అవుతుంది? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి బస్తర్ అడవులకన్నా మంచి చోటు ఉండదు.

ఉప్పుకి సారపప్పు

మన ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలను ఆనుకుని ఉన్నదే బస్తర్. 1998లో మూడు జిల్లాలుగా విడిపోక ముందు ఈ ఒక్క జిల్లా విస్తీర్ణం కేరళ రాష్ట్రం కన్నా కొంచెం ఎక్కువ. 2000 నవంబరు 1న చత్తీస్‌గఢ్ ఏర్పడేవరకు ఇది మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఇక్కడి గిరిజనులకు అడవే పొలం, అడవే కొట్టు. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, సాల గింజలు, మొర్రి చెట్టు నుంచి వచ్చే సారపప్పు ఏరుకొచ్చి వారపు సంతలో అమ్ముతారు.

సంతకి వచ్చే చిన్న వ్యాపారిని అక్కడ కోచియా అంటారు. చాలాకాలం పాటు కోచియా గిరిజనుడికి ఉప్పు ఇచ్చి, అదే తూకానికి సారపప్పు తీసుకుపోయేవాడు. సారపప్పు మిఠాయిల్లో వాడే ఖరీదైన సరుకు. ఉప్పు సముద్రం ఒడ్డున చవకగా దొరికేది. మరి ఇంత తేడా ఉన్నా గిరిజనుడు ఎందుకు ఒప్పుకున్నాడు? ఉప్పు లేకుండా బతకలేడు, ఉప్పు తెచ్చేవాడు మరొకడు లేడు, సారపప్పు పట్నంలో ఎంత పలుకుతుందో చెప్పేవాడు అసలే లేడు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కోచియా సంపాదన కమీషన్ కాదు. అది కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య ఉన్న ఎడం. ఆ ఎడం ఎంతో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. కమీషన్ అలా కాదు. ఇంత సరుకుకి ఇంత అని ముందే చెప్పుకున్న మాట. మొదటిదానికి బలం అవతలివాడి అజ్ఞానం. రెండోదానికి బలం అందరికీ కనబడే లెక్క.

ఆకుకి లెక్క

బీడీలు చుట్టే తునికాకు వ్యాపారాన్ని 1964లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి తన చేతిలోకి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారంపై చట్టం 1971లో వచ్చింది. బస్తర్‌లో ఆకు కొనే చోటును ఫడ్ అంటారు, మన వైపు కల్లం అంటారు. అక్కడ ఆకు లెక్కపెట్టి రాసుకునే మనిషి ఫడ్ మున్షీ. అతనికి సరుకు మీద హక్కు లేదు. సేకరించిన ఆకు ఎంతో, దాన్నిబట్టి కమీషన్.

కొలత చాలా స్పష్టం. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అంటే బస్తాకి 50,000 ఆకులు. చత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏరినవారికి బస్తా ఒక్కంటికి ఇచ్చే ధరను 2019లో 4,000 రూపాయలు చేసింది, 2024లో 5,500 రూపాయలు చేసింది.

ధర నిర్ణయమైంది, కమీషన్ నిర్ణయమైంది. ఇక మోసానికి చోటెక్కడ? లెక్కలో. కట్టలో ఆకు తక్కువుందనీ, ఆకు ముదిరిందనీ, చిరిగిందనీ కొన్ని కట్టలు తోసేస్తే ఏరినవారి కూలి అక్కడే తరిగిపోతుంది. ధర ఎంత బాగున్నా, కట్టలు లెక్కపెట్టేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ధర కాగితం మీదే ఉంటుంది.

చింతపండు ఉద్యమం

ఈ పాఠాన్ని బాగా ఆకళించుకున్నది 1999లో బస్తర్‌లో మొదలైన ఇమ్లీ ఆందోళన్. ఇమ్లీ అంటే చింతపండు. చింతపండు వ్యాపారానికి జగ్దల్‌పూర్ పెద్ద కేంద్రం. అక్కడినుంచి సరుకు దక్షిణాది రాష్ట్రాలకు వస్తుంది. మన ఇళ్లలో కాగే చారులో బస్తర్ పులుపు కూడా ఉందన్నమాట.

అప్పటి జిల్లా కలెక్టర్ ప్రవీర్ కృష్ణ ఆధ్వర్యంలో ఊళ్లలో గిరిజనుల బృందాలు ఏర్పడ్డాయి. ఊరి చింతపండు ఊళ్లోనే తూచి, డబ్బు అక్కడే చెల్లించి, సరుకును సహకార సంస్థలకు, ట్రైఫెడ్‌కు చేర్చడం వాటి పని. ఈ పనికి బృందానికి కమీషన్. చూడబోతే కోచియా చేసిన పనే. కాని తక్కెడ ఇప్పుడు ఊరివాడి చేతిలో ఉంది. తూచేవాడూ అమ్మేవాడూ రేపు ఒకే బావి దగ్గర ఎదురుపడాలి. ధర అందరికీ తెలుసు. కొనేవాడు మరొకడు రంగంలోకి రావడంతో పాత వ్యాపారులు కూడా ధర పెంచక తప్పలేదు.

చింతకాయలో దాదాపు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, మిగిలినది పెంకు, పీచు. కాయగా అమ్మితే ఒక ధర, గింజ తీసి అమ్మితే అంతకన్నా మంచి ధర. ఊళ్లోనే గింజ తీస్తే ఆ లాభం ఊళ్లోనే ఉంటుంది.

అయితే ఈ ఉద్యమం మొదటి ఊపుతో చాలాకాలం సాగలేదు. అధికారులు మారారు, ప్రభుత్వ కొనుగోలు సన్నగిల్లింది. కొనే సంస్థ ఒక్కటే అయి, అది వెనక్కి తగ్గితే కమీషన్ మీద బతికేవాడు ఏం చేస్తాడు? అదే ఆలోచన మళ్లీ 2018 ఏప్రిల్ 14న బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్‌లో వన్ ధన్ కేంద్రంగా మొదలైంది. గింజ తీయని చింతపండుకి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర 2020లో కిలోకి 31 నుంచి 36 రూపాయలకు పెరిగింది.

కంప్యూటర్‌లో తక్కెడ

ఇప్పుడు ఇంటర్నెట్ వైపు చూద్దాం. కొనేవాణ్ణి పంపినవారికి కమీషన్ ఇచ్చే పద్ధతిని అమెరికాలో పాటల డిస్కులు అమ్మే సిడి నౌ సంస్థ 1994లో మొదలుపెట్టింది. 1996లో అమెజాన్ ప్రవేశపెట్టిన పథకంతో ఇది ప్రపంచమంతా పాకింది.

దీని తక్కెడ ఎలా పనిచేస్తుంది? కమీషన్‌దారుకి దుకాణం ఒక గుర్తింపు సంకేతం ఇస్తుంది. అది లింకులో ఇమిడి ఉంటుంది. మీరు లింకు నొక్కగానే మీ ఫోన్‌లో కుకీ అనే చిన్న చీటీ పడుతుంది. నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లీ 1994లో రూపొందించిన ఏర్పాటు ఇది. గడువులోగా మీరు కొంటే, ఆ చీటీ చూసి కంప్యూటర్ కమీషన్ రాస్తుంది. అమెజాన్‌లో ఈ గడువు సాధారణంగా 24 గంటలే. ఇద్దరి లింకులు నొక్కి ఉంటే చాలా పథకాల్లో చివరివాడికే దక్కుతుంది.

ఫడ్ దగ్గర జరిగినట్టే ఇక్కడా లెక్కలో మోసం దూరింది. ఎవరూ లింకు నొక్కకపోయినా జనం కంప్యూటర్లలో దొంగచాటుగా కుకీలు దూర్చి, ఈబే సంస్థనుంచి కోట్ల రూపాయల విలువైన కమీషన్ రాబట్టుకున్నవారికి 2014లో అమెరికా కోర్టు జైలుశిక్ష వేసింది. ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడితే వచ్చే చిక్కూ కనిపించింది. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో అనేక వస్తువులపై కమీషన్ రేట్లు తగ్గించింది. గృహోపకరణాలలో ఫర్నిచర్‌పై 8 శాతం 3కి దిగింది. ఆ ఒక్క దుకాణాన్నే నమ్ముకున్నవారి రాబడి ఒక్కరోజులో పడిపోయింది.

ఎంచుకునే ముందు

ఈ పని చేపట్టాలనుకునే విద్యార్థి ముందుగా కాగితం, పెన్సిల్ తీసుకోవాలి. ఉదాహరణకి నెలకి 1000 మంది మీ లింకు నొక్కారనుకోండి. వారిలో నూటికి ఇద్దరు, అంటే 20 మంది, 500 రూపాయల పుస్తకం కొన్నారు. కమీషన్ 5 శాతమైతే ఒక్కో పుస్తకానికి 25 రూపాయలు, మొత్తం 500. వెయ్యిమందిని రప్పించడానికి పట్టిన శ్రమకి అది సరిపోతుందా? కమీషన్ శాతం ఒక్కటే చూస్తే ఈ జవాబు దొరకదు. కొనేవారెందరు, వస్తువు ధర ఎంత, తిరిగి ఇచ్చేసిన సరుకుకి కమీషన్ కోస్తారా, గడువు ఎంత అన్నవన్నీ ఈ లెక్కలోకి రావాలి.

తర్వాత బస్తర్ అడిగిన ప్రశ్నలే అడగాలి. లెక్క మీకు కనబడుతుందా? డబ్బు ఎప్పుడు, ఎలా చేతికి వస్తుంది? కొనేవాడు ఒక్కడేనా, మరొకడున్నాడా? చేరడానికి మీ దగ్గరే డబ్బు కట్టించుకుని, మరో నలుగురిని చేర్పిస్తేనే కమీషన్ అనే పథకమైతే అక్కడ సరుకు అమ్ముడవడం లేదు, మనుషులే అమ్ముడవుతున్నారు. దాని జోలికి పోకూడదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీకు కమీషన్ వస్తుందన్న సంగతి కొనేవారికి చెప్పాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో ఇదే మాట నియమాలుగా చెప్పాయి. నియమం లేకపోయినా చెప్పవలసిందే. ఉప్పు ఇచ్చి సారపప్పు తీసుకుపోయినవాడు దాచింది ఒక్కటే, తనకి ఎంత మిగులుతుందన్న సంగతి. ఊళ్లో తక్కెడ పట్టుకున్న గిరిజన యువకుడు దాచనిదీ అదే. వాళ్లిద్దరిలో ఎవరి దారిన నడవాలో ఎంచుకోవడం కమీషన్ పనిలో మొదటి మెట్టు.