డెర్రీ కుఱ్ఱవాండ్ర తొలి రికార్డు

ఉత్తర ఐర్లండునందలి ఒక నగరమును కొందఱు డెర్రీ యందురు, కొందఱు లండన్‌డెర్రీ యందురు. ఊరి పేరు వెనుక ఎంత వివాదముండునో సరిహద్దు ప్రాంతములందలి మనకు తెలియనిది కాదు. 1972 జనవరి 30న అచ్చట పౌరహక్కుల ఊరేగింపుపై సైనికులు కాల్పులు జరుపగా ఆనాడే 13 మంది మరణించిరి.

ఆ నగరమున పెరిగిన ఐదుగురు కుఱ్ఱవాండ్రు ‘ది అండర్‌టోన్స్’ అను గిటారు బృందమును కూర్చుకొనిరి. హంగులు లేక వడిగా, బిగ్గరగా పాడు పంక్ సంగీతము వారికి ఒరవడి. 1978లో బెల్‌ఫాస్టునందలి ‘గుడ్ వైబ్రేషన్స్’ అను చిన్న సంస్థ వారి ‘టీనేజ్ కిక్స్’ను వెలువరింపగా, బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ దానిని వెంటవెంట రెండుమార్లు వినిపించెను.

1979 మేలో వారి తొలి ఎల్.పి. రికార్డు 14 పాటలతో వెలువడెను. అందు తుపాకుల ఊసు లేదు. వలపులు, అలుకలు, వేసవి దినములు కలవు. అదే యేట బెల్‌ఫాస్టు బృందమగు ‘స్టిఫ్ లిటిల్ ఫింగర్స్’ ఆ అల్లకల్లోలమునే పాడినది గనుక, వీరు మౌనము వహించిరని ఆక్షేపించినవారు కలరు. నాకట్లు తోచదు. కలహము తమ యౌవనమును సైతము కబళింపకుండ కాచుకొనుటయే వారి ప్రత్యుత్తరము. ఫియర్గల్ షార్కీ కంపించు కంఠమున ఆ పట్టుదల వినవచ్చును.

చిత్రమేమన, పేరు తెచ్చిన ‘టీనేజ్ కిక్స్’ మొదటి ముద్రణలో లేదు. ఆ యేటి అక్టోబరు ముద్రణలోగాని చేరలేదు.