బానిస బాలుని రేఖాగణితము

మాధ్యమిక తరగతులలో రేఖాగణితమును ఒక గంటలోను, ప్రాచీన గ్రీకుల చరిత్రను మరియొక గంటలోను బోధించుచున్నాము. ఈ రెండును కలిసిన చక్కని పాఠము క్రీ. పూ. 4వ శతాబ్దమున ప్లేటో రచించిన ‘మెనో’ సంవాదమునందు కలదు.

మెనో ఇంట పుట్టిన ఒక బానిస బాలుని సోక్రటీసు పిలిచి, 2 అడుగుల భుజము గల చతురస్రమును చూపెను. వైశాల్యము 4 చదరపుటడుగులు. ఇంతకు రెట్టింపు కావలెనన్న భుజమెంత? బాలుడు తడుముకొనక 4 అనెను. వైశాల్యము 16 అయ్యెను. 3 అనెను, 9 అయ్యెను. తుదకు తనకు తెలియదని ఒప్పుకొనెను. అప్పుడు సోక్రటీసు కర్ణమును గీచెను. అది చతురస్రమును రెండు త్రిభుజములుగా చీల్చును. ఒక్కొక్కటి 2 చదరపుటడుగులు. అట్టివి నాలుగు చేరిన, కర్ణమే భుజముగా 8 చదరపుటడుగుల చతురస్ర మేర్పడును.

మన పిల్లలును మొదట 4 అనియే చెప్పవచ్చును. వెంటనే దిద్దరాదు. సుద్దముక్క చేతికిచ్చి, వారిచేతనే గీయించి, గడులు లెక్కింపజేయవలెను. ‘తెలియదు’ అన్నచోటనే నిజమైన పాఠము మొదలగును.

అయితే, “తరువాత ఆ బాలుడేమయ్యెను?” అని ఎవరైన అడిగినచో మనమేమి చెప్పుదుము? గ్రంథమున అతనికి పేరైనను లేదు; విముక్తిని గూర్చి ఒక్క మాటయు లేదు. సోక్రటీసు నివసించిన ఏథెన్సు ప్రజాస్వామ్యమున బానిసలకును, స్త్రీలకును ఓటు హక్కు లేకుండెను. యజమానికి నిజమైన కర్ణము బానిసకును నిజమే. హక్కు మాత్రము ఒక్కనిదే. ఈ సంగతి దాచి చెప్పిన గ్రీకుల చరిత్ర, కర్ణము గీయని చతురస్రము వంటిది.