వార్ధక్యం – పాండిత్యం – జీవిక: ఆంధ్రదేశంలో వృద్ధ పండితుల ఆదాయ మార్గాలు (1880–1980)

తెలుగు సాహిత్య చరిత్రలో రాజపోషణ బాగా చర్చకు వచ్చిన విషయం. తూమాటి దొణప్ప గారి ‘ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము’ వంటి గ్రంథాలు ఏ సంస్థానం ఏ కవిని ఆదరించిందో వివరంగా చెప్పాయి. అయితే ఆ ఆదరణ కవికి ఏ వయసులో అందింది, చేతనైనంత కాలం గడిచాక అతడు ఏ మార్గాన సంపాదించుకున్నాడు అన్న ప్రశ్నలకు ఈ చర్చలో దక్కిన చోటు తక్కువ. 1880 నుంచి 1980 వరకు గడిచిన నూరేళ్లలో వృద్ధ పండితుని ఆదాయ మార్గాలు ఎలా మారాయో పరిశీలించి, ఆ మార్పు తెలుగు వాఙ్మయంపై వేసిన ముద్రను గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం. సంస్థానాల కాలంలో వయసు పండితుని విలువను పెంచింది. ఉద్యోగ వ్యవస్థ అదే వయసును అనర్హతగా మార్చింది. ఆ అనర్హతను దాటడానికి పండితులు చేసిన ప్రయత్నాల్లో నుంచే ఇరవయ్యో శతాబ్ది తెలుగు వాఙ్మయంలో గణనీయమైన భాగం పుట్టింది.

1. సంభావన, వార్షికం, మాన్యం

పాత వ్యవస్థలో పండితునికి ‘పదవీ విరమణ’ అన్న భావనే లేదు. అతని జీవికకు మూడు ఆధారాలు ఉండేవి. మొదటిది మాన్యం లేదా అగ్రహార భూమి. రెండవది వార్షికం. నవరాత్రులకో, దేవతోత్సవాలకో సంస్థానంలో విద్వత్సభ జరిగేది. అక్కడ పరీక్షకు నిలిచిన పండితునికి ఏటా ఇంత అని ఒక మొత్తం నిర్ణయించేవారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, పిఠాపురం, విజయనగరం, వెంకటగిరి సంస్థానాలు ఇటువంటి ఆదరణకు ప్రసిద్ధి పొందాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరే స్థిరపడింది. మూడవది సందర్భాన్ని బట్టి అందే సంభావన. పెళ్లిళ్లు, పురాణ కాలక్షేపం, ముహూర్త నిర్ణయం, నాటు వైద్యం, వీధిబడి చదువు దీని కిందికి వస్తాయి. దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగే అయ్యవారికి ఆ పండుగ మామూళ్లే ఏడాదికి పెద్ద ఆదరువు.

ఈ మూడింటిలోనూ వయసు పండితునికి అనుకూలంగానే పనిచేసింది. సభలో పెద్దవానికి ముందు పీట. పురాణం చెప్పడానికి నెరిసిన తల ఒక యోగ్యత. శాస్త్ర చర్చలో తగవు వస్తే తీర్చవలసినవాడు వృద్ధుడే. అందుచేత వార్ధక్యంలో ఆదాయం తగ్గాలన్న నియమం ఆ వ్యవస్థలో లేదు.

లోపాలు లేవని దీని అర్థం కాదు. వార్షికం పుచ్చుకోవాలంటే సాధారణంగా ఏటా స్వయంగా సభకు వెళ్లాలి. బండి ప్రయాణానికి ఒళ్లు సహకరించనినాడు ఆ ఆదాయం సందిగ్ధంలో పడేది. జమీందారు మారితే, ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పాలనలోకి వెళ్తే వార్షికాల పట్టిక మళ్లీ తనిఖీకి వచ్చే అవకాశం ఉండేది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ ఆదరణ శాస్త్ర పాండిత్యం ఏ కులాలకు అందుబాటులో ఉందో ఆ కులాల పురుషులకే ప్రధానంగా దక్కింది. దాసరులు, జంగాలు మొదలైన గాయకులకు వృద్ధాప్యంలో మిగిలింది ఊరి మిరాశీ హక్కు, అదీ లేకపోతే భిక్ష. పండితుని ఇంట అతని ఆదాయాన్ని సంసారంగా మలచిన స్త్రీల శ్రమకు ఏ పట్టికలోనూ చోటు లేదు.

1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఈనాం కమిషన్ మాన్యాల హక్కులను పరిశీలించి, చాలా వాటిని నామమాత్రపు పన్నుకు లోబరచి పట్టాలిచ్చింది. భూమికి అమ్మకపు యోగ్యత వచ్చింది. విద్య కోసం ఇచ్చిన భూమి విద్యతో సంబంధం లేని వారసత్వ ఆస్తిగా మారే దారి అక్కడ తెరుచుకుంది.

2. యాభై ఐదేళ్ల గీత

పందొమ్మిదవ శతాబ్ది చివరికి పండితుడు క్రమంగా ఉద్యోగిగా మారాడు. ప్రభుత్వ కళాశాలలు, మిషనరీ కళాశాలలు, హిందూ ఉన్నత పాఠశాలలు తెలుగు, సంస్కృత పండితులను జీతంపై నియమించాయి. ఈ మార్పుతో రెండు కొత్త విషయాలు వచ్చాయి. ఒకటి నెల జీతం. రెండవది విరమణ వయసు. ప్రభుత్వోద్యోగులకు సాధారణంగా 55 ఏళ్లు దాటగానే కొలువు ముగిసేది. పింఛను హక్కు ప్రభుత్వ సేవకే ప్రధానంగా పరిమితం. ప్రైవేటు యాజమాన్యంలోని ఉన్నత పాఠశాలల్లో పనిచేసిన తెలుగు పండితునికి అంతటి భద్రత లేదు. పైగా ఇంగ్లీషు, గణితం చెప్పేవారికన్నా భాషా పండితుని జీతం తక్కువ. కాబట్టి కొలువులో ఉన్నప్పుడు మిగుల్చుకోవడానికీ పెద్దగా వీలు లేదు.

రెండు వ్యవస్థల తేడాను ఒక్క ఉదాహరణ స్పష్టం చేస్తుంది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడింది. దానికి తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన జననం 1864. అంటే ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇంటికి వెళ్లవలసిన వయసులో ఆయన కొత్త కొలువులో ప్రవేశించారు. 1936 వరకు, డెబ్బై దాటేదాకా, అందులో కొనసాగారు. ఆ తరువాత ఆ స్థానాన్ని ద్వారం వెంకటస్వామి నాయుడు స్వీకరించారు. సంస్థాన దృష్టిలో నారాయణదాసు వయసు ఆయన విద్యకు కొలమానం. అదే వయసు ప్రభుత్వ నియమావళిలో కొలువుకు సరిహద్దు. ఒకే కాలంలో ఒకే ప్రాంతంలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన నడిచాయి.

3. విరమణానంతర మార్గాలు

కొలువు ముగిసిన పండితుడు సంభావనల కాలానికి పూర్తిగా తిరిగి వెళ్లలేడు. అతనికి మిగిలిన మార్గాలు ప్రధానంగా ముద్రణాలయం చుట్టూ ఏర్పడ్డాయి.

మొదటిది పరీక్షల వ్యవస్థ. మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ పాఠ్యాలుగా నిర్ణయమైన కావ్యభాగాలకు ప్రతిపదార్థ తాత్పర్యాలు కావలసివచ్చాయి. విద్వాన్, భాషాప్రవీణ పరీక్షలకు కూర్చునేవారికి ఇంటివద్ద పాఠం చెప్పే గురువు అవసరమయ్యాడు. ఈ రెండు పనులకూ ప్రయాణం అక్కరలేదు. అరుగు మీద కూర్చొని చేయదగిన పనులు కావడం వల్ల వృద్ధ పండితులకు ఇవి అనువైన అదనపు ఆదాయాలయ్యాయి.

రెండవది పరిష్కరణ, వ్యాఖ్యానం. 1854లో స్థాపితమైన వావిళ్ల వంటి ప్రచురణ సంస్థలు ప్రాచీన కావ్యాలను సటీకంగా ముద్రించడానికి పండితుల సేవను వినియోగించుకున్నాయి. కొందరు మరొకరి కింద పనిచేయడం కన్నా సొంత ముద్రణే మేలనుకున్నారు. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా పనిచేసిన వేదం వేంకటరాయశాస్త్రి 1899లోనే జ్యోతిష్మతీ ముద్రాక్షరశాలను నెలకొల్పారు. శృంగారనైషధ వ్యాఖ్య, ఆముక్తమాల్యద వ్యాఖ్య వంటి బృహత్కృషి ఆయన జీవితపు ఉత్తరార్ధానికి చెందింది. ఉద్యోగంలో ఉండగానే విరమణానంతర జీవితానికి సాధనం సిద్ధం చేసుకోవడంగా కూడా ఈ ముద్రాక్షరశాల స్థాపనను చదవవచ్చు.

మూడవది సంస్థల ఆధ్వర్యంలో సాగిన దీర్ఘకాలిక పరిశోధన. ఇక్కడ భద్రత ఉన్నవారికీ లేనివారికీ నడుమ అంతరం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ప్రభుత్వంలో ఉన్నత పదవులు నిర్వహించి విరమించిన జయంతి రామయ్య పంతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన, పిఠాపురం మహారాజు పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణాన్ని నడిపించారు. తొలి సంపుటం 1936లో వెలువడేనాటికి ఆయన వయసు డెబ్బై ఆరు. వ్యావహారిక భాషావాదంలో ఆయనకు ప్రతిపక్షి అయిన గిడుగు వెంకట రామమూర్తి 1911లో పర్లాకిమిడి ఉద్యోగం నుంచి విరమించారు. తరువాతి ఇరవై ఎనిమిదేళ్లు భాషోద్యమానికీ సవర భాషా పరిశోధనకూ వెచ్చించారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వచ్చాయి. అంతకు పూర్వం ప్రభుత్వం సవర భాషాకృషికి పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి నడపనిమ్మని ఆయన కోరిన విషయం ప్రసిద్ధం. భాషా వివాదంలో చెరొక పక్షాన నిలిచిన ఈ ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ఉద్యోగం వదిలాక దొరికిన దీర్ఘమైన వ్యవధే ఇద్దరి ప్రధాన కృషికీ ఆధారం.

ఈ పోలిక మానవల్లి రామకృష్ణకవి దగ్గర తెగిపోతుంది. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను 1909లో వెలుగులోకి తెచ్చిన రామకృష్ణకవి జననం 1866. అభినవభారతితో కూడిన నాట్యశాస్త్రాన్ని బరోడా గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాల కోసం ఆయన పరిష్కరించారు. తొలి సంపుటం 1926లో, మూడవది 1954లో వెలువడ్డాయి. ‘భరతకోశము’ 1951లో తిరుపతి నుంచి వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై ఐదేళ్లు. దేశమంతటా సంగీత నాట్య పరిశోధకులు ఆధారపడిన ఈ గ్రంథాల సంపాదకుడు 1957లో తిరుపతిలో కన్నుమూసేనాటికి ఆర్థికమైన ఇబ్బందుల్లోనే ఉన్నారు. సంస్థానాలు, లిఖిత పుస్తక భాండాగారాలు, ప్రాచ్య పరిశోధన సంస్థలు ఆయన విద్యను వినియోగించుకున్నాయి. కానీ ఏ ఒక్క చోటా స్థిరమైన విశ్రాంతి భృతిగా పరిణమించేంత సేవ పోగుపడలేదు. ముద్రణ యుగం పండితుని పనికి వెల కట్టింది, పండితుని వార్ధక్యానికి బాధ్యత వహించలేదు. రామకృష్ణకవి జీవితం ఈ వాస్తవానికి నిదర్శనం.

4. జ్ఞాపకం విలువ

వయసును తిరిగి యోగ్యతగా మార్చిన ప్రక్రియ ఒకటుంది. అది స్వీయచరిత్ర, దానికి దగ్గరగా నిలిచే జ్ఞాపకాల వ్యాసం. శాస్త్రం యువకునికీ తెలియవచ్చు. గడిచిన అరవై ఏళ్లు తెలిసినవాడు వృద్ధుడొక్కడే.

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) జీవితం ఈ విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. ఆయన ప్రధానంగా రచననూ పత్రికలనూ నమ్ముకొని బతికినవారు. ‘గయోపాఖ్యానం’ నాటకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయినట్లు ప్రతీతి. బాల్యం నుంచే బలహీనమైన చూపు వార్ధక్యంలో పూర్తిగా పోయింది. చదవడం, రాయడం రెండూ అసాధ్యమైన దశలో ఆయన తన స్వీయచరిత్రను చెప్పి రాయించారు. పరిష్కరణకు కళ్లు కావాలి, పాఠం చెప్పడానికి పుస్తకం కావాలి. జ్ఞాపకానికి ఈ రెండూ అక్కరలేదు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అనుభవం మరొక రకం. యౌవనంలో దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి అవధానాలు చేస్తూ సంస్థానాలన్నీ తిరిగారు. తరువాత బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులయ్యారు. తిరుపతిశాస్త్రి మరణించాక కూడా జంట పేరుతోనే రచన సాగించారు. అంటే పాత సంభావనల వ్యవస్థను, కొత్త జీతాల వ్యవస్థను, ఆ రెండూ లేని విశ్రాంత దశను ఆయన వరుసగా చూశారు. చివరి దశలో ‘కృష్ణాపత్రిక’ ద్వారా పాఠకులకు చేరిన ‘కథలు – గాథలు’ వ్యాసాల్లో సంస్థాన సభలు, సన్మానాలు, పండితుల తగవులు, ప్రయాణాల కష్టసుఖాలు విస్తారంగా వస్తాయి. ఈ వ్యాసాలు కేవలం ఆదాయం కోసం పుట్టాయనడం సాహసమవుతుంది. కానీ అవధానానికి అవసరమైన యౌవనశక్తి తగ్గాక, అదే ధారణ గద్యంగా రూపాంతరం చెందిందని చెప్పడానికి ఆధారం ఉంది. సంభావనల వ్యవస్థ గురించి తెలుగులో లభించే సజీవమైన సాక్ష్యాల్లో ఒకటి ఆ వ్యవస్థ ఆధారం తప్పిన వృద్ధుని కలం నుంచి వచ్చింది.

5. రాజ్యం పోషకుడైన దశ

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్దారీ రద్దయింది. 1956 నాటి ఆంధ్ర ఈనాముల రద్దు చట్టంతో మాన్యాల వ్యవస్థ కూడా వెనుకబడింది. భూసంబంధాల దృష్టితో ఈ చట్టాలు న్యాయమైనవి, అవసరమైనవి. అయితే వాటితోపాటు వార్షికాలిచ్చే చేతులూ లేకుండా పోయాయి.

సరిగ్గా ఈ సంధిలో, 1949లో, మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్లను ఆస్థానకవిగా ప్రకటించింది. అప్పటికి ఆయన ఎనభైకి చేరువలో ఉన్నారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మరణించారు. తరువాత ఆ స్థానం పొందిన శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి అప్పటికే ఎనభై దాటినవారు. 1961లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయిన కాశీ కృష్ణాచార్యుల జననం 1872. ముగ్గురి వయసులను కలిపి చూస్తే ఈ పదవికి గౌరవంతోపాటు వృద్ధాప్య భృతి స్వభావం కూడా ఉన్నట్లు తెలుస్తుంది. రాజ్యం రాజుల పరిభాషనే తీసుకుంది. కానీ వందలమందికి పంచిన వార్షికాల స్థానంలో ఒక్కరికి ఇచ్చే బిరుదు నిలిచింది. 1977లో యాభై రెండేళ్ల దాశరథి ఆస్థానకవి కావడంతో ఈ భృతి స్వభావం తగ్గింది. 1983లో ఆ పదవే రద్దయింది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. సంస్థాన వ్యవస్థ వృద్ధ పండితుని ఆదరించింది, అయితే కొన్ని వర్గాలకే. ఉద్యోగ వ్యవస్థ అర్హతను విస్తరింపజేసింది, అయితే వయసుకు గీత గీసి, ఆ గీతకు అవతలి భద్రతను కొందరికే ఇచ్చింది. ముద్రణ వ్యవస్థ గీత దాటినవారి చేత పని చేయించింది, అయితే పని ఉన్నంత వరకే వారిని గుర్తించింది. సటీక ప్రచురణలు, నిఘంటువులు, స్వీయచరిత్రలు, జ్ఞాపకాల వ్యాసాలు ఈ మూడు వ్యవస్థల నడుమ ఏర్పడిన ఖాళీలో పుట్టాయి.

ఈ గ్రంథాలను భాషాసేవ అన్న ఒక్క మాటతో వర్ణించడం సాహిత్య చరిత్రకు అలవాటు. సేవ అన్న మాట కర్తను గౌరవిస్తుంది. అదే సమయంలో అతనికి రావలసిన వేతనాన్ని ప్రశ్నకు అందకుండా చేస్తుంది. పీఠికలు, అంకితాలు, చందాదారుల పట్టికలు, ప్రచురణ సంస్థల లెక్కలు, సంస్థానాల వార్షికాల చిట్టాలు జీవికా చరిత్రకు ఆకరాలుగా చదవదగినవి. వృద్ధ పండితుడు ఏమి రాశాడన్న దానితోపాటు, అది రాసిన కాలంలో అతని ఇల్లు ఎలా గడిచిందన్నది కూడా సాహిత్య చరిత్ర అడగవలసిన ప్రశ్నే.