ఉద్యోగ స్థానాంతరణ భత్యము

నూతనోద్యోగ నిమిత్తము గాని, బదిలీపై గాని వేఱొక నగరమునకు తరలిపోవు ఉద్యోగికి ప్రయాణము, సామాను రవాణా, తాత్కాలిక వసతి మున్నగు వ్యయములకై యజమాని యొసగు ధనసహాయము. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు, ఏడవ వేతన సంఘపు సిఫారసుల ననుసరించి, 20 కిలోమీటర్లు గాని అంతకు మించి గాని దూరముగల బదిలీపై సాధారణముగా నెల మూలవేతనములో 80 శాతము ఏకమొత్తముగా లభించుచుండ, ప్రైవేటు సంస్థలలో నిది సంప్రదింపులపై నాధారపడును. అందుకు తగిన సమయము ఆఫరు లెటరు చేతికందిన పిమ్మట, దానిపై సంతకము చేయుటకు పూర్వము.

విజయవాడనుండి బెంగుళూరునకు పోవు కుటుంబమునకు లారీ కిరాయి యొక్కటే కాక, పలు మాసముల అద్దెను అడ్వాన్సుగా చెల్లించుటయు భారమగును గనుక, ప్యాకర్ల కొటేషను, ఇంటి అడ్వాన్సు, పిల్లల బడి ఫీజు పద్దులవారీగా చూపిన కోరిక బలవత్తరమగును. అమెరికాలో 2018 నుండి, సైనికులు మున్నగు కొందఱికి దక్క, ఈ సొమ్ము పన్నుకు లోబడు ఆదాయమగుటచే, అచ్చటి మనవారు పన్నుభారమును గూడ యజమానియే వహింపవలెనని కోరుట సముచితము.

ఒప్పుకొన్న సేవా గడువునకు ముందే ఉద్యోగమునుండి వైదొలగినచో సొమ్ము మరల చెల్లింపవలెనను షరతు తఱచు నుండును. సంస్థయే తొలగించినపు డది వర్తింపదని లిఖితపూర్వకముగా పొందుట ఉద్యోగికి శ్రీరామరక్ష.